ఈపర్ యుద్ధభూమిలో నంబర్ల సైకిల్ దారులు: ఎక్కడ అక్కరకొస్తాయి, ఎక్కడ చెయ్యిస్తాయి

బెల్జియం పడమటి కొసన, ఫ్రాన్స్ సరిహద్దుకి దగ్గరగా ఉన్న చిన్న పట్నం ఈపర్. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914 శరత్కాలం నుంచి 1918 దాకా, దీని చుట్టూ బ్రిటన్ పక్షానికీ జర్మన్లకూ మధ్య పోరు దాదాపు ఆగలేదు. ఇప్పుడదంతా బంగాళదుంప, మొక్కజొన్న, బీట్ చేలు. చేల నడుమ పొట్టి గోడల వెనక వరసగా తెల్లని సమాధి రాళ్లు. కారులో అయితే ముఖ్యమైన స్మారకాలన్నీ ఒక్క రోజులో చుట్టబెట్టవచ్చు. కానీ ఈ నేల ఎత్తుపల్లాలు పిక్కలకు తెలియాలంటే సైకిలే ఎక్కాలి. ఈపర్ సముద్రమట్టానికి సుమారు 20 మీటర్ల ఎత్తున ఉంటే, తూర్పున పాసెండాలె గట్టు 50, 60 మీటర్ల ఎత్తు మాత్రమే. కారులో కూర్చుంటే అక్కడ గట్టు ఉన్నట్టే తెలియదు. సైకిలు మీద మాత్రం జోన్నెబేక అనే ఊరు దాటగానే గేరు మార్చాల్సి వస్తుంది. పైకెళ్లి వెనక్కి తిరిగితే ఈపర్ గోపురాలు అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తాయి. ఆ నలభై మీటర్ల ఎత్తు ఎవరి చేతిలో ఉంటే కింద కదిలే ప్రతి మనిషీ వాళ్ల కంట పడతాడు. 1917లో జులై 31 నుంచి నవంబరు 10 దాకా పోరాడి బ్రిటిష్ సేనలు ఆ గట్టు ఎక్కాయి. ముందుకు జరిగింది 8 కిలోమీటర్లు.

ఈ ప్రాంతమంతా సైకిలు మీద తిరగడానికి ఉన్న ప్రధాన సేవ నంబర్ల దారుల వల. డచ్చులో దీన్ని క్నోప్‌పుంట్ అంటారు, అంటే కూడలి. బెల్జియంలోని లింబర్గ్‌లో హ్యూగో బొలెన్ అనే గనుల ఇంజనీరు ఆలోచన ఇది. గనుల్లో సొరంగాలకు నంబర్లు వేసినట్టే సైకిలు దారులు కలిసే చోట్లకీ నంబర్లు వేశారు. 1995లో అక్కడ మొదలై తర్వాత ఫ్లాండర్స్, అంటే డచ్చు మాట్లాడే ఉత్తర బెల్జియం, అంతా పాకింది. వాడడం తేలిక. ఫీట్స్‌నెట్ అనే ఉచిత వెబ్‌సైటులో మీకు కావలసిన కూడళ్లను ఒకదాని తర్వాత ఒకటి నొక్కుతూ పోతే మొత్తం దూరం, నంబర్ల వరస వచ్చేస్తాయి. ఆ వరసను చీటీ మీద రాసి హ్యాండిల్‌కి అంటించుకుంటే చాలు, ఫోను జేబులోంచి తీయక్కర్లేదు. ఒక కూడలి చేరగానే తరవాతి నంబరు ఎటు వైపో బాణం చూపిస్తుంది.

తొక్కేవాడి సుఖం వరకే చూస్తే ఈ వలకు ఐదుకి ఐదు ఇవ్వొచ్చు. లారీలు తిరిగే రోడ్లను వీలైనంత తప్పించి, చేలకు వెళ్లే సన్నని దారుల మీదుగా తీసుకెళ్తుంది. చిక్కల్లా ఒక్కటే: ఈ దారులను హాయిగా తొక్కడం కోసం వేశారు, చరిత్ర కోసం కాదు. స్మారకానికి మూడు వందల మీటర్ల అవతలి సందులోంచి తీసుకెళ్లి, మీకు తెలియకుండానే దాటించేస్తుంది. అందుకే ముందు స్మారకాలను మ్యాపులో గుర్తు పెట్టుకుని, తర్వాత వాటికి దగ్గర్లోని కూడళ్లను కలపండి. నంబర్లు ముందు ఎంచుకుని దారిలో ఏం తగిలితే అది చూద్దామనుకుంటే సగం పోగొట్టుకున్నట్టే.

ఇంకో తికమక ఉంది. నంబర్లు 1 నుంచి 99 దాకానే కాబట్టి అదే నంబరు పక్క ప్రాంతంలో మళ్లీ వస్తుంది. నంబరు కలిసింది కదా అని తిరగకుండా, తర్వాతి కూడలి నంబరు కూడా మీ చీటీలో ఉందో లేదో చూసుకోండి. తిన్నగా వెళ్లాల్సిన చోట బోర్డు లేకపోవచ్చు, అది మామూలే. కానీ రెండు మలుపులు దాటినా బోర్డు కనబడలేదంటే దారి తప్పినట్టు. ఆఖరి బోర్డు దాకా వెనక్కి రావడమే మేలు. ఆగస్టు, సెప్టెంబరుల్లో మొక్కజొన్న మనిషిని మించి పెరిగి మలుపు దగ్గరి బోర్డుల్ని కప్పేస్తుంది.

సైకిలు సంగతికొద్దాం. అద్దెకిచ్చేవి ఎక్కువగా నిటారుగా కూర్చునే బరువు సైకిళ్లు, లేదంటే బ్యాటరీవి. తీసుకునే ముందు నాలుగు సంగతులు దుకాణం ముందే తేల్చుకోండి. సీటు: మడమ పెడల్ మీద పెట్టి కిందికి తొక్కినప్పుడు కాలు పూర్తిగా సాగాలి, అంతకన్నా పొట్టిగా ఉంటే ఇరవయ్యో కిలోమీటరుకి మోకాళ్లు పట్టేస్తాయి. బ్రేకు: కొన్నింటికి పెడల్ వెనక్కి తొక్కితే వెనక చక్రం ఆగుతుంది. అలవాటు లేనివాళ్లు మలుపులో పెడల్ సర్దుకోబోయి ఠక్కున ఆగిపోతారు, కాబట్టి దుకాణం ముందే రెండు చక్కర్లు కొట్టండి. టైరు: 35 నుంచి 40 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలి. నాలుగోది వాల్వు: అది ఏ రకమో చూసి, దానికి పట్టే పంపు, అదే సైజు ట్యూబు అడిగి తీసుకోండి. పట్టని పంపు ఉన్నా లేనట్టే.

వెడల్పు టైరు ఎందుకంటే, ఇక్కడి చేల దారులు చాలావరకు కాంక్రీటు పలకలు. కొన్ని మీటర్లకొక అతుకు. ప్రతి అతుకు దగ్గరా ముందు చక్రం టక్కుమంటుంది, ఆ దెబ్బ నేరుగా అరచేతి అంచుకి తగులుతుంది. రెండు గంటలు తొక్కేసరికి చిటికెన వేలు తిమ్మిరెక్కుతుంది. టైరులో గాలి గట్టిగా ఉంటే ఇది ఇంకా ఎక్కువ. డెబ్బై, డెబ్బై ఐదు కిలోల మనిషికి 35 మిల్లీమీటర్ల టైరులో మూడున్నర బార్ గాలి సరిపోతుంది. చేతుల పట్టు తరచూ మారుస్తుండండి. రోడ్డు మధ్యలో పొడవునా సాగే అతుకుకి మాత్రం దూరంగా ఉండండి. అది విచ్చుకున్న చోట సన్నటి టైరు ఇరుక్కుందంటే మనిషి కింద పడతాడు.

రెండో శత్రువు బురద. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా దుంపలు, బీట్ తవ్వే కాలం. ట్రాక్టరు చక్రాలకు అంటిన బంకమన్ను రోడ్డు మీద పొరలా పడి ఉంటుంది. ఎండగా ఉంటే ఫర్వాలేదు, నాలుగు చినుకులు పడితే సబ్బు పూసినట్టే. మలుపు ముందే వేగం తగ్గించండి, మన్ను మీద ముందు బ్రేకు పట్టొద్దు. ఆ మన్ను మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య చేరి గట్టిపడితే చక్రం తిరగదు. పుల్లతో గీకి తీయాలి. గీకేటప్పుడు గమనించండి, ఆ మన్ను నీళ్లను వదలదు. వానను ఇంకనివ్వని ఈ బంకనేలలో నీరు బయటికి పోవడానికి రైతులు తరతరాలుగా కాలవలు తవ్వుకున్నారు. ఫిరంగులు ఆ కాలవలన్నిటినీ పిండి చేశాయి, పైన 1917 ఆగస్టు వానలు. మనుషులూ గుర్రాలూ ఊబిలో మునిగిపోవడానికి కారణం ఈ రెండూ కలవడమే.

పంక్చర్లు ఎక్కువగా ముళ్లకంచెల వల్ల అవుతాయి. కంచెలు కత్తిరించే కాలంలో తుంపులు రోడ్డంతా రాలి ఉంటాయి. ట్యూబు బయటికి తీశాక టైరు లోపల గుడ్డతో చుట్టూ తుడిచి చూడండి, ముల్లు ఉంటే గుడ్డకు తగులుకుంటుంది. అది తీయకుండా ప్యాచ్ వేసి బిగిస్తే రెండు కిలోమీటర్లలో మళ్లీ అదే పని. వెనక చక్రంలో మోటారు ఉన్న సైకిలుకీ, చైను చుట్టూ మూత ఉన్నదానికీ చక్రం ఊడదీయకండి. టైరు ఒక పక్క మాత్రం తప్పించి, కావలసినంత ట్యూబు బయటికి లాగి ప్యాచ్ వేయండి. మన వీధి మెకానిక్కులు చేసేది అచ్చం ఇదే.

ఒక్క రోజే ఉంటే ఈపర్ నుంచి తూర్పుగా వెళ్లి, ఎడమకు తిరుగుతూ, అంటే గడియారం ముళ్లకు వ్యతిరేక దిశలో, చుట్టి వచ్చే 40, 45 కిలోమీటర్ల దారి మంచిది. ఎక్కువగా వీచేది నైరుతి గాలి. ఇటు తిరిగితే గట్టు ఎక్కేటప్పుడు గాలి వీపున ఉంటుంది. తిరుగు దారిలో, కాళ్లు అలిసినప్పుడు, కొంతదూరం కాలవ గట్టు చాటు దొరుకుతుంది. తిరగేసి వెళ్తే ఆఖరి పది కిలోమీటర్లు బట్టబయట గాలి ముఖాన కొడుతుంది. బ్యాటరీ సైకిలుకి కూడా ఇదే లెక్క, ఎదురుగాలి ఛార్జింగును తాగేస్తుంది.

మొదట హిల్ 60. కొండ కాదు, రైలుదారి తవ్వినప్పుడు పోసిన మట్టిదిబ్బ. 1917 జూన్ 7న, ఈపర్‌కి దక్షిణాన ఉన్న మెసీన్ గట్టు కింద, బ్రిటిష్ సేనలు పేల్చిన 19 మందుపాతర్లలో రెండు ఇక్కడివి. రైలుదారికి అవతల క్యాటర్‌పిల్లర్ అనే గొయ్యి ఇప్పుడు చెట్ల నడుమ నిండు చెరువు. సైకిలు బయట తాళం వేసి నడిచే వెళ్లాలి. తర్వాత పాలిగన్ వుడ్ అడవి అంచున బ్యూట్స్ సమాధులు, జోన్నెబేకలో పాషన్‌డేల్ (పాసెండాలెకు ఇంగ్లీషు పేరు) మ్యూజియం, అక్కణ్ణుంచి ఎక్కుడు దారిలో టైన్ కాట్.

టైన్ కాట్‌కి గంట తక్కువ కాకుండా కేటాయించండి. కామన్వెల్త్ (బ్రిటన్, దాని సామ్రాజ్యపు దేశాల) సైనికుల సమాధి స్థలాల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది ఇదే. 11,900కు పైగా సమాధులు, వాటిలో 8,300కు పైగా పేరు తెలియనివాళ్లవి. మధ్యనున్న ఎత్తయిన శిలువ దిమ్మె దగ్గరకి వెళ్లి చూడండి. తెల్లరాతిలో ఒకచోట చిన్న ఖాళీ వదిలారు, అందులోంచి గరుకు కాంక్రీటు కనిపిస్తుంది. ఆ దిమ్మె లోపలున్నది జర్మన్ల మరతుపాకీ గూడు. దాన్ని పగలగొట్టకుండా దాని మీదే శిలువ నిలపమని 1922లో వచ్చినప్పుడు బ్రిటన్ రాజు ఐదో జార్జి సూచించాడు. వెనక గోడ మీద జాడ తెలియని దాదాపు 35,000 మంది పేర్లున్నాయి. ఈపర్‌లోని మెనిన్ గేటు (గల్లంతైనవాళ్ల పేర్లు చెక్కిన స్మారక ద్వారం) మీద చోటు చాలక, 1917 ఆగస్టు 15 తర్వాత గల్లంతైన బ్రిటన్ సైనికుల పేర్లు ఇక్కడికి వచ్చాయి. తెలిసినవాళ్ల పేరు వెతికేవాళ్లు ఈ తేదీని గుర్తుంచుకోకపోతే తప్పు గోడ ముందు నిలబడి వెతుకుతారు.

ఇక్కణ్ణుంచి పాసెండాలె, పూల్‌కాపెల్లె మీదుగా వాంకూవర్ కార్నర్. తల వంచి నిలబడ్డ కెనడా సైనికుడి రాతి స్తంభం సుమారు 11 మీటర్ల ఎత్తు, చాలా దూరం నుంచే కనిపిస్తుంది. 1915 ఏప్రిల్ 22న జర్మన్లు క్లోరిన్ వాయువు వదిలింది ఈ చుట్టుపక్కలే. లాంగెమార్క్‌లో జర్మన్ సమాధి స్థలం. అక్కడ తెల్లరాళ్లుండవు, ఓక్ చెట్ల నీడ, నేలకు పరిచిన పలకలు. 44,000కు పైగా మనుషులు, వాళ్లలో దాదాపు 25,000 మంది ఒకే గుంటలో. టైన్ కాట్ చూసిన రోజే దీన్నీ చూడాలి. ఆ తేడా మాటల్లో చెప్పేది కాదు.

మన పాఠకులు లాంగెమార్క్ నుంచి కాలవ దారి పట్టే ముందు వీల్టె అనే పల్లె వైపు ఒక మలుపు తీసుకోవడం మంచిది. వాయువు వదిలిన నాలుగు రోజులకు, ఏప్రిల్ 26న, బ్రిటిష్ ఇండియా సైన్యానికి చెందిన లాహోర్ డివిజన్ ఇక్కడి చేలల్లోంచే ఎదురుదాడికి వెళ్లింది. జమాదార్ (భారత దళంలో చిన్న అధికారి హోదా) మీర్ దస్త్‌కు బ్రిటన్ అత్యున్నత సాహస పతకం విక్టోరియా క్రాస్ వచ్చింది ఆ రోజు చూపిన తెగువకే. నేల వాలు ఇక్కడ కూడా కంటికి ఆనదు, కాలికే తెలుస్తుంది. వాళ్లు ఎక్కాల్సింది ఆ వాలే, ఏ చాటూ లేకుండా.

దారిలో చేను గట్టున, కరెంటు స్తంభం మొదట్లో తుప్పు పట్టిన మొద్దులాంటివి కనిపిస్తే ముట్టుకోవద్దు. అవి పేలని ఫిరంగి గుండ్లు. దున్నినప్పుడల్లా బయటపడుతూనే ఉంటాయి. రైతులు పక్కన పెడితే బెల్జియం సైన్యపు బాంబు దళం వచ్చి పట్టుకెళ్తుంది. కొన్నింటిలో విషవాయువు ఇంకా ఉంటుంది. ఫోటో కోసమైనా కాలితో కదపకండి.

రోడ్డు నియమాల్లో ఒక్కటి తప్పనిసరిగా తెలిసి ఉండాలి. బెల్జియంలో గుర్తులేమీ లేని కూడలిలో కుడి నుంచి వచ్చేవాళ్లదే ముందు హక్కు. మీరు తిన్నని రోడ్డు మీదున్నా, కుడి సందులోంచి వచ్చే కారు ఆగదు, ఆగనక్కర్లేదు కూడా. వాహనాలు కుడివైపున నడిచే దేశం కావడంతో మన చూపు అలవాటుగా తప్పు వైపుకి పోతుంది, కొత్తవాళ్లకు గండం ఇక్కడే. గుండ్రటి నీలం బోర్డు మీద సైకిలు బొమ్మ ఉంటే ఆ బాటలోనే వెళ్లాలి. ట్రాక్టరు ఎదురైతే చేను గేటు దగ్గర ఆగి దారివ్వండి, రోడ్డు అంచున లోతైన కాలవ ఉంటుంది కాబట్టి గడ్డి మీదికి దిగొద్దు.

సాయంత్రం మెనిన్ గేటు. రాత్రి 8 గంటలకు రోడ్డు ఆపి బ్యూగిల్ ఊదుతారు. 1928లో మొదలైన ఈ ఆచారం 1929 నుంచి, జర్మన్ల ఆక్రమణలో ఉన్న 1940–44 మినహా, తప్పలేదు. ముప్పావు గంట ముందే వెళ్లాలి. సైకిళ్లను పెద్ద బజారు చౌకులో స్టాండు వేసి నడిచి రండి, గేటు గోడకు ఆనించడం మర్యాద కాదు. గేటు మీది 54,000కు పైగా పేర్లలో 400కు పైగా భారత సైనికులవి. పక్కనే కోట గోడ మీద భారత సైనికుల స్మారకం ఉంది, చీకటి పడకముందే చూడండి.

ఇంకో రోజు ఉంటే, మ్యూజియాన్ని కూడా పక్కన పెట్టి ఫ్రాన్స్‌లోని నూవ్ షాపెల్‌కి వెళ్లమంటాను. ఈపర్ నుంచి మెసీన్, ప్లుగ్‌స్టేర్ట్ మీదుగా సరిహద్దు దాటి, ఆర్మాంటియేర్, లావాంతీ పక్కగా దాదాపు 40 కిలోమీటర్లు. సరిహద్దు దాటాక ఈ నంబర్లను నమ్ముకోవద్దు, దారిని ముందే ఫోనులోకి ఎక్కించుకోండి. నైరుతి వైపు ప్రయాణం కాబట్టి ఎదురుగాలి తప్పదు. గంటకు 12 కిలోమీటర్ల లెక్కన బయల్దేరండి. పల్లెల్లో బేకరీలు, కేఫ్‌లు సోమవారం చాలావరకు మూసి ఉంటాయి. తిండీ, రెండు సీసాల నీళ్లూ మోసుకెళ్లాలి. ఇదే దూరాన్ని లాహోర్ డివిజన్ 1915 ఏప్రిల్‌లో అటు నుంచి ఇటు, సామాన్లు మోస్తూ, రాళ్లు పరిచిన రోడ్ల మీద నడిచి వచ్చింది. వచ్చీ రాగానే వీల్టె దగ్గర దాడికి దిగింది.

నూవ్ షాపెల్‌లో చూడాల్సిన భారత సైనికుల స్మారకం ఊళ్లో కాదు, లా బాంబ్ కూడలిలో ఉంటుంది. డి947 రోడ్డు మీద లారీలు జోరుగా వస్తాయి, కాబట్టి ఆఖరి రెండు కిలోమీటర్లు చిన్న రోడ్ల మీదుగా చేరండి. కూడలి దాటేటప్పుడు దిగి నడిపించుకోండి. హెర్బర్ట్ బేకర్ రూపమిచ్చిన గుండ్రటి ఆవరణ ఇది, 1927 అక్టోబరు 7న ఆవిష్కరించారు. సుమారు 15 మీటర్ల స్తంభం, తలన తామర, రెండు పక్కలా పులులు. ముందు సగం జాలీ గోడ, వెనక సగం పేర్ల గోడ. 4,700కు పైగా పేర్లు. స్తంభం మీద దేవుడొక్కడే, విజయం ఆయనదే అన్న మాట ఇంగ్లీషుతో పాటు అరబిక్, దేవనాగరి, గురుముఖి లిపుల్లో ఉంది.

పేర్లు రెజిమెంట్ల వారీగా చెక్కారు. రెజిమెంటు తెలియకుండా వెతకడం గడ్డివాములో సూది వెతకడమే. ముందే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో చూసి, పలక నంబరు రాసుకుని వెళ్లండి. అప్పటి గుమస్తాలు పేర్లను తోచినట్టు రాశారు. ఒక వర్ణక్రమంతో దొరక్కపోతే మరో విధంగా, లేదా సర్వీసు నంబరుతో వెతకండి. గబ్బర్ సింగ్ నేగీ పేరు 39వ గఢ్వాల్ రైఫిల్స్ కింద కనిపిస్తుంది. 1915 మార్చి 10న ఇక్కడ చనిపోయాక ఆయనకు విక్టోరియా క్రాస్ ఇచ్చారు. ఆ రోజు మొదలై ఈ ఊరి కోసం మూడు రోజులు సాగిన పోరులో భారత దళం సుమారు 4,200 మందిని పోగొట్టుకుంది. చనిపోయినవాళ్లూ గాయపడ్డవాళ్లూ కలిపి.

చూశాక వెంటనే తిరిగిపోకుండా ఊరి మీదుగా బ్వా దు బీయే అడవి దాకా సైకిలు తొక్కండి, రెండు మూడు కిలోమీటర్లే. నేల పలకలా ఉంటుంది. నీరు చెయ్యి లోతులోనే ఉండడంతో ఇక్కడ కందకాలు తవ్వలేక మట్టిబస్తాలతో గోడలు కట్టుకున్నారు. ఆ పోరు మొదటి రోజు బ్రిటిష్ సేనలకు ఊరు చిక్కింది, ఆ అడవి చిక్కలేదు. మధ్య దూరాన్ని సైకిలు అయిదు నిమిషాల్లో దాటేస్తుంది.

తిరుగు ప్రయాణానికి అదే రోజు మళ్లీ 40 కిలోమీటర్లు తొక్కే ఓపిక అందరికీ ఉండదు. లా బాసే గానీ బెతూన్ గానీ చేరితే లీల్‌కి రైళ్లుంటాయి, అక్కణ్ణుంచి కోర్ట్‌రైక్ మీదుగా ఈపర్. బెల్జియం రైల్లో సైకిలుకి విడిగా టికెట్టు తీసుకోవాలి. రెండు చోట్ల మారాలి కాబట్టి మధ్యాహ్నం మూడింటికల్లా స్మారకం దగ్గర్నుంచి కదలండి. డిసెంబరులో అయితే ఐదు లోపే చీకటి పడుతుంది, లైట్లు లేని సైకిలుతో స్టేషను దాకా కూడా వెళ్లకండి.